దత్తతకు లక్షలు అక్కర్లేదు, మాకు అయిన ఖర్చు ఇదీ

పిల్లను పెంచుకోవాలంటే లక్షలు కావాలి, పలుకుబడి కావాలి అని మా కావలిలో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. మా ఆయనది వెల్డింగ్ పని, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మాలాంటి వాళ్లకు కుదిరింది కాబట్టి, ఇది తెలియక వెనక్కి తగ్గుతున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు మా అత్తయ్య, మా మరిది రెండో కొడుకును ఇప్పిస్తానన్నారు. ఆ దారి కూడా ఉంది. హిందువులకు 1956 దత్తత చట్టం కింద 15 ఏళ్లు నిండని బిడ్డను తీసుకోవచ్చు, కన్నతల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి, దత్తత పత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. కానీ మా తోడికోడలు పైకి సరేనంటున్నా ఆమె ముఖం చూస్తే నాకు మనసొప్పలేదు. ఒక తల్లిని ఏడిపించి నేను తల్లిని కావడం నావల్ల కాదని అత్తయ్యకు చెప్పేశాను.

తర్వాత నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆయా ద్వారా కబురొచ్చింది, పుట్టిన బిడ్డనే ఇస్తారట, మూడు లక్షలట, పుట్టిన సర్టిఫికెట్ కూడా మా పేర్లతోనే రాయిస్తారట. చాలా కోపమొచ్చింది నాకు. అది బిడ్డను కొనడం. బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా. అదటుంచి, రేపు ఎవరైనా వచ్చి నా బిడ్డ అంటే మన చేతిలో ఏ కాగితం ఉంటుంది? మీకిలాంటి బేరం వస్తే 1098కి ఫోన్ చేసి చెప్పండి, అది పిల్లల హెల్ప్‌లైన్ నంబరు, ఊరుకోవద్దు.

అసలు దారి మాకు అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది. దేశమంతటి దత్తతలకూ కలిపి కారా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, దాని కేరింగ్స్ అనే వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఏమైనా సందేహాలుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. నమోదు ఉచితం. ఒక నెట్ సెంటర్ అతను ఫారం నింపడానికి 2,000 అడిగాడు, మేము పక్కింటి అమ్మాయితో ఫోన్‌లోనే నింపించుకున్నాం.

కాగితాల దగ్గరే ఎక్కువ తిరిగాం. ఆధార్, పాన్, వయసు రుజువు, ఇంటి చిరునామా రుజువు, మాకు పెద్ద జబ్బులేమీ లేవని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్, మన గురించి తెలిసినవాళ్లు ఇద్దరు రాసిచ్చే ఉత్తరాలు. మేము ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లం కాదు, అందుకని సచివాలయంలో అర్జీ పెట్టి తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకున్నాం, అది చెల్లింది. ఇంత జీతం ఉంటేనే అని నిబంధనల్లో ఎక్కడా లేదు, బిడ్డను సాకగలరా లేదా అనేదే చూస్తారు. సొంతిల్లు లేదని భయపడ్డాం, అద్దె ఇల్లని మమ్మల్ని ఎవరూ తక్కువ చేయలేదు.

వయసు దగ్గర మాత్రం నా గుండె జారింది. ఆయనకు 49, నాకు 43, కలిపితే 92. రెండేళ్లలోపు బిడ్డకు భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు, నాలుగేళ్లలోపు బిడ్డకు 90, ఎనిమిదేళ్లలోపు అయితే 100. అంటే ఒళ్లో పడుకోబెట్టుకునే పసిబిడ్డ మాకు రాదు. రెండు రోజులు ఏడ్చాను. తర్వాత ఆయనే అన్నాడు, "ఆరేళ్ల పిల్లకు మాత్రం అమ్మ వద్దా ఏంది?" అని. ఆ మాటతో నాలుగు నుంచి ఎనిమిదేళ్లని పెట్టాం. పసిపిల్లల కోసం అడిగేవాళ్లు చాలా ఎక్కువ, మూడేళ్లు పైగా ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు, పెద్ద పిల్లలను అడిగేవాళ్లు తక్కువ. రాష్ట్రం ఎంచుకోమంటే ఆంధ్రప్రదేశే పెట్టాం, ఆ వయసు పిల్లకు మన మాట తెలిసుండాలి, పైగా రైలు ఖర్చులూ తగ్గుతాయి.

ఇంటికొచ్చి విచారించి రిపోర్టు రాస్తారు, దానికి 6,000. వచ్చిన మేడమ్ బీరువాలు, గోడలు చూడలేదు, మాతో, అత్తయ్యతో చాలాసేపు మాట్లాడింది. "నన్ను కన్నవాళ్లు ఎవరని అడిగితే ఏం చెప్తారమ్మా?" అంది. నిజమే చెప్తామన్నాం. ఆ ప్రశ్నకు మీ ఇంట్లో ముందే మాట్లాడుకుని ఉండండి, రిపోర్టు కోసం కాదు, పిల్ల కోసం.

పాప వివరాలు వచ్చినప్పుడు 48 గంటల్లో సరేనో కాదో చెప్పాలి. అందుకే ఫోన్ నంబరు మార్చకండి, మెసేజీలు చూస్తూ ఉండండి. వేరే జిల్లాలో పాప ఉంటున్న దత్తత సంస్థకు వెళ్లి కలిశాం, తనకు అర్థమయ్యే మాటల్లో పాప ఇష్టం కూడా అడిగారు. పాప నన్ను అడిగిన మొదటి మాట, "మీ ఇంట్లో సైకిలుందా?"

పాపను అప్పగించేటప్పుడు 50,000 కట్టాలి, పిల్లల సంరక్షణ నిధికి. బ్యాంకు ద్వారానే కట్టాం, రసీదు ఇచ్చారు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, మా చిట్టీ డబ్బులు దానికే సరిపోయాయి. తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు, ప్రతిసారీ 2,000. అన్నీ కలిపితే 64,000, రానుపోను ఖర్చులు వేరు. లాయరు ఫీజు లేదు. ఇదివరకు కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు, అర్జీ కూడా సంస్థవాళ్లే పెట్టారు. ఆ ఉత్తర్వుతో మా పేర్లతో జనన ధ్రువీకరణ పత్రం వచ్చింది, బడిలో చేర్చడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది.

మొదటి నెలలు తేలిగ్గా గడవలేదు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేది, అన్నం దాచుకునేది. తిట్టకుండా, తను పడుకునే దగ్గర చిన్న డబ్బాలో బిస్కెట్లు పెట్టి ఇవి నీవే అని చెప్పాం. దాచుకోవడం దానంతటదే తగ్గింది. మా అత్తయ్య ఇప్పుడు బజారుకెళ్తే దాన్ని తీసుకెళ్లకుండా వెళ్లదు.

కందుకూరు, సింగరాయకొండ వైపు మాలాగే గుళ్లో పెళ్లి చేసుకుని పెళ్లి రిజిస్టర్ చేయించుకోని వాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఆ పని చూసుకోండి, దత్తతకు పెళ్లి సర్టిఫికెట్ కూడా అడుగుతారు. పెళ్లిపత్రిక, ఫోటోలు, సాక్షులు అన్నీ వెతుక్కోవాలి, మాకు మిగతా కాగితాలన్నీ చేతికొచ్చాక కూడా దానికోసమే ఆగాల్సి వచ్చింది.