బడి కంప్యూటర్ల నుంచి వచ్చే దిద్దుబాట్లు

తెలుగు వికీపీడియాలో అప్పటికప్పుడు జరిగే మార్పులన్నీ కనబడే ‘ఇటీవలి మార్పులు’ పేజీని రోజూ చూసేవాళ్ళకు పనిదినాల్లో మధ్యాహ్నం పూట ఒక రకం దిద్దుబాట్లు తగులుతుంటాయి. ఏదో ఊరి పేజీలో జనాభా ఉన్నట్టుండి మూడు కోట్లవుతుంది. ప్రముఖుల జాబితాలో ‘8వ తరగతి బి సెక్షన్’ చేరుతుంది. కాసేపటికి పేజీ మొత్తం ఖాళీ. ముప్పావుగంటలో అంతా సద్దుమణుగుతుంది. దసరాకూ సంక్రాంతికీ ఒక్కటీ రాదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కనుక, అది కంప్యూటర్ పీరియడ్ అని నాకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇలాంటప్పుడు ఆ ఐపీ చిరునామాను, అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే సంఖ్యను, ఏడాదిపాటు దిద్దుబాట్లు చేయకుండా నిరోధించేస్తే పీడా పోతుందని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లీషు వికీపీడియాలో అలా చేస్తారన్నది నిజమే. అమెరికాలో చాలాచోట్ల ఏ చిరునామా ఏ విద్యాసంస్థదో రికార్డుల్లోనే ఉంటుంది. అందుకని ఆ చిరునామా చర్చ పేజీలో ఆ సంగతి తెలిపే మూస (ముందే రాసి ఉంచిన నోటీసు) పెట్టి, అల్లరి ఆగకపోతే ఏళ్ళ తరబడి నిరోధిస్తారు. మన దగ్గర వెతికితే సాధారణంగా దొరికేది ఇంటర్నెట్ కంపెనీ పేరు మాత్రమే. చాలా కనెక్షన్లలో రౌటర్ ఆపి మళ్ళీ పెడితే చిరునామా మారిపోతుంది. పాతది ఎక్కడో వేరే ఊళ్ళో ఇంకొకరికి చేరుతుంది. బడి చేసిన అల్లరికి శిక్ష వాళ్ళకు పడుతుంది. మొబైల్ నెట్‌వర్క్ అయితే ఒకే చిరునామా వెనుక వేలమంది ఉండవచ్చు. 2007 కొత్త సంవత్సరం వేళ ఖతార్ విషయంలో ఏం జరిగిందో పాత వికీపీడియన్లకు గుర్తుండే ఉంటుంది. ఆ దేశం దాదాపు మొత్తం ఒకే చిరునామా గుండా వచ్చేది. ఇంగ్లీషు వికీపీడియాలో ఒక నిర్వాహకుడు (నిరోధించే అధికారం ఉన్న వాడుకరి) దాన్ని నిరోధించడంతో, లాగిన్ కానివాళ్ళెవరూ కొన్ని గంటలపాటు అక్కడి నుంచి ఒక్క అక్షరం మార్చలేకపోయారు.

నా పట్టుదలకు ఇంకో కారణం చీరాల వైపు ఒక ఊరి పేజీ. జిల్లాలు మారిన కొత్తలో, 2022లో, ఆ పేజీ మీద ఒకే చిరునామా నుంచి వరసగా దిద్దుబాట్లు వచ్చాయి. మొదటిది ఒక సినిమా హీరోకు జై. రెండోది ఎవరో తోటి పిల్లవాడి మీద తిట్టు. మూడోది, పేజీ పక్కన ఊరి వివరాలుండే సమాచార పెట్టెలో ‘ప్రకాశం జిల్లా’ తీసేసి ‘బాపట్ల జిల్లా’. నాలుగోది మళ్ళీ జై. ఆ మూడోది అక్షరాలా సరైన మార్పు. ఆ ఏడాది ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మన ఊళ్ళ పేజీలు వేల సంఖ్యలో పాత జిల్లా పేర్లతో ఉండిపోయాయి. అవన్నీ దిద్దడానికి మనుషులు చాలక అందరం తలలు పట్టుకుని ఉన్న రోజులవి. అదే గదిలో, పక్క కుర్చీలో కూర్చున్న ఒక బిడ్డ మనకు కావలసిన పనే చేసింది. గుడ్డిగా అన్నింటినీ వెనక్కి తిప్పితే అదీ కొట్టుకుపోయేది. మూడోది ఉంచి మిగతావి రద్దుచేశాను. ఆ పేజీకి మాత్రమే వర్తించేలా రెండు గంటల పాక్షిక నిరోధం పెట్టాను.

ఇప్పుడు తాత్కాలిక ఖాతాలు వచ్చాక పరిస్థితి కొంత మారింది. లాగిన్ కానివాళ్ళ ఐపీ అందరికీ కనబడదు. ఒక్కో బ్రౌజరుకు ఒక్కో తాత్కాలిక పేరు వస్తుంది, అది 90 రోజులు ఉంటుంది. అంటే ఆ గదిలో ఏ కంప్యూటర్ నుంచి అల్లరి వచ్చిందో విడిగా చూడగలం. ఇది మంచి మార్పు. అయితే కంప్యూటర్ వేరు, పిల్లవాడు వేరు. మూడో పీరియడ్ వాడి పేరుకు పెట్టిన హెచ్చరికను నాలుగో పీరియడ్‌లో అదే కుర్చీలో కూర్చున్న అమ్మాయి చదువుతుంది. అందుకే నా సందేశాల్లో గద్దింపు ఉండదు. రాసి చూసుకోవడానికే ఉన్న ‘ప్రయోగశాల’ పేజీ లింకు ఇచ్చి, ఇక్కడ ఏమైనా రాసి చూడవచ్చని చెబుతాను.

ఒక్క విషయంలో మాత్రం క్షణం ఆలస్యం చేయను. పిల్లలు తమ పూర్తి పేరు, ఫోను నంబరు పేజీలో రాసేస్తుంటారు. రద్దు చేసినంత మాత్రాన అది పోదు, పాత కూర్పులన్నీ ఉండే పేజీ చరిత్రలో ఎవరైనా చూడవచ్చు. నిర్వాహకులు ఆ కూర్పును దాచాలి. మీకు అలాంటిది కనబడితే, వికీపీడియన్లందరూ మాట్లాడుకునే ‘రచ్చబండ’ పేజీలో రాయకండి, అది పదిమందికీ చూపించినట్టే. నిర్వాహకులకు ఈమెయిలు పంపండి.

కంప్యూటర్ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఇది చదువుతుంటే, పిల్లలకు ఖాతాలు తెరిపించండి. అసలు పేరు వద్దు, ఏదైనా కలం పేరు చాలు. వికీపీడియా ఒకే చిరునామా నుంచి రోజుకు ఆరు ఖాతాలే తెరవనిస్తుంది, తరగతికి అది చాలదు. ఎప్పుడు, ఎంతమందితో చేస్తారో వారం పది రోజులు ముందుగా రచ్చబండలో చెబితే ఆ పరిమితిని ఆ రోజుకు పెంచమని అడగవచ్చు. ఆ పీరియడ్‌లో నేను ఇటీవలి మార్పుల దగ్గరే ఉంటాను.