పాత కార్డు తిరిగిచ్చే ముందు

“కార్డు ఏన్‌పా కుడుత్తే?” (కార్డెందుకిచ్చావురా?) చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికొచ్చిన మన కుర్రాళ్ళను యూనియన్ పెద్దలు కసిరే మాట ఇది. కాంట్రాక్టరు మారగానే పాత గేటు కార్డు ఇచ్చేసి కొత్తది మెళ్ళో వేసుకుంటారని వాళ్ళ కోపం. 1918లోనే చెన్నైలో పెరంబూరు మిల్లు కార్మికులు సంఘం పెట్టుకున్న ప్రాంతమిది. ఇక్కడ కాగితం విలువ తాతల నాడే తెలుసు.

మనకు తెలియక కాదు. మేస్త్రీ మనూరివాడు, వరసకు మావయ్య. అడ్వాన్సిచ్చి, బస్సెక్కించి, గది చూపించినవాణ్ణి “రాసివ్వు” అని అడగడానికి నోరు రాదు. అడిగితే సాయంత్రానికి అమ్మకు ఫోనెళ్తుంది. కసిరేవాళ్ళకు ఈ మొహమాటం అర్థం కాదు.

అయినా నష్టం మనకే. తమిళనాడులో 1981 నాటి చట్టం ప్రకారం 24 నెలల్లో 480 రోజులు ఎడతెగకుండా పనిచేసినవాణ్ణి పర్మనెంట్ చేయాలి. నెలకు 26 రోజుల చొప్పున దాదాపు పద్దెనిమిదిన్నర నెలలు. జబ్బు, ప్రమాదం, మంజూరైన సెలవు ఈ లెక్కను తెంచవు. తెంచేది మన సంక్రాంతి ప్రయాణమే. మేస్త్రీ చెవిన వేసి బండెక్కితే రిజిస్టరులో “మానేశాడు” అని పడొచ్చు, తిరిగొచ్చాక కొత్త చేరిక తేదీ వేస్తారు.

కాంట్రాక్టు కార్మికుడికి ఇంకో చిక్కుంది. కాంట్రాక్టు పేరుకే, పని చెప్పిందీ సెలవిచ్చిందీ కంపెనీయే అని చూపగలిగితేనే వాదన నిలుస్తుంది. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలలుంటాయి కానీ ఉండేది కాంట్రాక్టరు పేరు. ఈఎస్ఐ చందాల వివరాల్లో జీతం పడిన రోజుల సంఖ్య కూడా ఉంటుంది, అదీ కాంట్రాక్టరు ఖాతాలోనే. కాంట్రాక్టరు మారినప్పుడు పాత యూఏఎన్ (పీఎఫ్ నంబరు), పాత ఈఎస్ఐ నంబరు చెప్పకపోతే కొత్తవి పుడతాయి, చేసిన సర్వీసు రెండు ముక్కలవుతుంది. ఏ గేటు లోపల పనిచేశావో చెప్పేది ఆ కార్డూ షిఫ్టు చార్టే. పెద్దాయన కసురు అందుకే.

కార్డు కంపెనీ సొత్తు, ఇవ్వక తప్పదు. ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపండి. జీతం స్లిప్పులూ అంతే. సెలవుకి మాత్రం వాట్సాప్‌లో ఒక్క ముక్క చాలు: “మావయ్యా, 12 నుంచి 18 దాకా పండక్కెళ్తున్నా, సూపర్‌వైజర్ గారికి చెప్పు.” మావయ్య “సరేరా” అంటాడు. ఆయన మర్యాద ఆయనకుంటుంది, ఆ తేదీలు మన ఫోన్లో ఉంటాయి.