9,762 అడుగులు

నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే మీరూ నవ్వుతారు. మా ఆయన ఇప్పటికే నవ్వి పడుకున్నారు.

సాయంత్రం మా అపార్ట్‌మెంట్లో సినిమా క్విజ్. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఏ సంవత్సరం విడుదలైందని ప్రశ్న. రెండో అంతస్తు పిల్ల తడుముకోకుండా 1932 అంది. అడుగుతున్న పెద్దమనిషి చేతిలో కాగితం చూసుకుని ‘తప్పు, 1931’ అన్నాడు. నేను లేచాను. లేవకుండా ఉంటానా! ఆ సినిమాకు బొంబాయిలో సెన్సారు అయిందే 1932 జనవరి 22న. ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా సినిమా హాల్లో విడుదల. 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలుగా ఒకరిని చూసి ఒకరు రాసేస్తుంటే, పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి అసలు సంగతి తేల్చారు. ఇదంతా నిలబడే చెప్పాను. ‘సరే లెండి మేడమ్, ఆటే కదా’ అన్నాడాయన. చాక్లెట్ల డబ్బా ఇంకో పిల్లాడికి వెళ్లింది. ఆటే అయితే మార్కులు వేయడం దేనికి?

లిఫ్టులో మా ఆయన, ‘అసలు బొమ్మే దక్కలేదు, తేదీతో నీకేం పని?’ అన్నారు. గుచ్చుకున్నది ఆ మాటే. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా ఇప్పుడు ఎక్కడా లేదు. నిడివి మాత్రం 9,762 అడుగులని కాగితాల్లో ఉంది. నిమిషానికి 90 అడుగుల లెక్కన గంటా నలభై ఎనిమిది నిమిషాలు. అందులో ఒక్క నిమిషం కూడా చూడలేం.

మా పెద్దనాన్న టూరింగ్ టాకీసులో ఆపరేటరు. రీలు తెగితే చివర్లు కత్తిరించి, బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటు రాసి అతికించేవారు. కత్తిరించిన ముక్కలు మావి. ఖాళీ బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండను దాని మీదికి మళ్లించి, గోడకు కట్టిన పంచె మీద బొమ్మ వేసేవాళ్లం. కథానాయకుడి ముక్కకు మూడు గోళీలు. హాస్యనటుడికి రెండు. విలన్ కత్తి పట్టుకుని ఉంటే మూడు, ఊరికే నిలబడితే ఒకటి. పేర్లు పడే ముక్కలకు మాత్రం గోళీ కాదు కదా, చింతగింజ కూడా ఇచ్చేవారు కాదు. కళ, కూర్పు, శబ్దగ్రహణం అని ఎవరెవరి పేర్లో... అన్నీ మట్టిలో కలిశాయి.

ప్రింట్లు పారేసినవాళ్లను తిట్టడానికే రాయడం మొదలుపెట్టాను. ఇక్కడికొచ్చేసరికి తిట్టబుద్ధి కావడం లేదు. ఇట్టే అంటుకునే ఆనాటి నైట్రేట్ ఫిల్ము ఇంట్లో ఉంటే నిప్పుతో కాపురమే. పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవులోనే 2003లో నైట్రేట్ ఫిల్ములు కాలిపోయాయి. ఆ ఆర్కైవు పుట్టిందే 1964లో. అంతకుముందు, ఆడటం అయిపోయిన ప్రింటును ఫిల్ములోని వెండి కోసం అమ్ముకున్న నిర్మాతను, అప్పుల్లో ఉన్నవాణ్ణి, ఏమనగలం?

కాగితాల సంగతి వేరు. సెన్సారు పత్రం భగ్గుమనదు, ఒప్పంద పత్రంలో వెండి ఉండదు. స్క్రిప్టులు, కాల్‌షీట్లు, రోజువారీ వసూళ్ల డి.సి.ఆర్. పుస్తకాలు ఎందుకు తూకానికి వేశారో చెప్పమనండి! నా కోపం ఇక వాళ్ల మీదే. ఆయన అడిగిన ‘తేదీతో ఏం పని’కి జవాబు రేపు కాఫీ దగ్గర చెబుతాను, వింటే.

పదింటికి పెద్దమ్మకు ఫోన్ చేశాను. హాలు డి.సి.ఆర్.లు, పాటల పుస్తకాలు ట్రంకు పెట్టెలో అలాగే ఉన్నాయట. ‘పట్టుకుపోవే తల్లీ, పెట్టె మాత్రం ఇక్కడే ఉండాలి, దుప్పట్లు పెట్టుకోవాలి’ అంది. ఆదివారం అట్టపెట్టెలు తీసుకుని వెళ్లాలి.