ఎదురుపడని రెండు ఊరేగింపులు

17 సెప్టెంబర్ 2025, బుధవారం

ఇవాళ ఇంగ్లండ్‌లో రెండు ఊరేగింపులు నడిచాయి. విండ్సర్ కోట ఆవరణలో చార్లెస్ రాజుతో కలిసి గుర్రపు బగ్గీలో, రాజ అతిథిగా వచ్చిన అమెరికా అధ్యక్షుడు ట్రంప్. లండన్‌లో పోర్ట్‌లాండ్ ప్లేస్ నుంచి పార్లమెంట్ స్క్వేర్ దాకా, ఆయన్ని పిలవడమే తప్పంటున్న జనం, పోలీసుల లెక్కలో సుమారు 5,000 మంది. రెంటికీ మధ్య ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరం.

బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో మరమ్మతులు జరుగుతున్నాయి కాబట్టి విండ్సర్. అది సరే, జులైలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్‌కీ విండ్సర్‌లోనే మర్యాదలు చేశారు. కానీ అప్పుడు బగ్గీ ఊళ్ళోంచి కోటకి వెళ్ళింది. మాక్రాన్ పార్లమెంటులో కూడా మాట్లాడారు. ఈసారి పార్లమెంటుకి సెలవులు, బగ్గీ కోట గోడ దాటలేదు. 2024లో ట్రంప్ మీద కాల్పులు జరిగాయి, కాబట్టి భద్రత ఉత్త సాకు కాదు. అయినా అతిథి కంటికి నినాదం రాసిన ఒక్క అట్టముక్క కూడా ఆనకుండా ఏర్పాటు చేస్తే, నిరసన తెలిపే హక్కులో సగం కోసేసినట్టే.

ఈ దేశంలో ఇలాంటి పర్యటనలప్పుడు జనం చేసిన వాటిలో బలంగా తగిలినవి దాదాపు అన్నీ అతిథి దారి పక్కన జరిగినవే. 1998 మేలో జపాన్ చక్రవర్తి అకిహితో వచ్చినప్పుడు, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం చేతిలో బందీలుగా నరకం చూసిన ముసలి సైనికులు బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి వెళ్ళే మాల్ అనే రోడ్డు పక్కన బారులు తీరారు. బగ్గీ దగ్గరికి రాగానే అందరూ వెనక్కి తిరిగి వీపులు చూపించారు, ఈల మీద తమ పాత కవాతు బాణీ వేశారు. రాయి విసరలేదు, గొడవ పడలేదు. పక్కన కూర్చున్న రాణికీ ఆ వీపులు కనబడ్డాయి. 1971లో అకిహితో తండ్రి హిరోహితో వచ్చి లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే తోటలో మొక్క నాటితే, దాన్ని ఎవరో నరికేసి మొదలు దగ్గర కలుపుమందు పోశారు. కోపం అర్థమవుతుంది. కానీ చెట్టు మీద చూపిన కోపం కంటే వీపు చూపించడమే నాకు పెద్ద మాటగా అనిపిస్తుంది.

కంటికి కనబడకుండా చేయడమన్నది కొత్త ఎత్తుగడేం కాదు. 1999 అక్టోబర్‌లో చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ వచ్చినప్పుడు లండన్ పోలీసులు టిబెట్ జెండాలు లాక్కున్నారు, నిరసనకారుల ముందు వ్యాన్లు అడ్డం పెట్టారు. టిబెట్ మద్దతుదారులు కోర్టుకెక్కారు. చైనా పాలనకు వ్యతిరేకంగా ఉన్నాయన్న ఒక్క కారణంతో జెండాలు తీసేయడం చట్టవిరుద్ధమని 2000 మేలో పోలీసులే ఒప్పుకున్నారు. గొంతు నొక్కడానికే వ్యాన్లు నిలిపితే అదీ తప్పేనని తేలింది. కానీ ఆ తీర్పు పనికొచ్చేది రోడ్డు పక్కన మనిషి నిలబడగలిగినప్పుడే. రోడ్డే లేకపోతే వ్యాను అవసరమేముంది?

ఊరేగింపు తీయాలంటే చట్టం అడిగేది తక్కువే. 1986 పబ్లిక్ ఆర్డర్ చట్టం సెక్షన్ 11 ప్రకారం కనీసం ఆరు పూర్తి రోజుల ముందు పోలీసులకి రాతపూర్వకంగా తెలపాలి: తేదీ, మొదలయ్యే వేళ, దారి, నిర్వాహకుల్లో ఒకరి పేరు, చిరునామా. ఇది తెలియజేయడమే, అనుమతి అడగడం కాదు. ఆ తేడా తెలియక చాలామంది జవాబు కోసం కాచుకుని కూర్చుంటారు. ఒకేచోట నిలబడే సభకి ఆ నోటీసు కూడా అక్కర్లేదు. అయితే సెక్షన్ 12 కింద ఊరేగింపుకీ, 14 కింద సభకీ పోలీసులు షరతులు పెట్టొచ్చు. తెలిసీ, లేదా తెలిసి ఉండాల్సిన స్థితిలో ఉండీ మీరితే నేరం. కాబట్టి ఆ పూట ఏ షరతులు పెట్టారో ముందే చదువుకోవాలి. పార్లమెంట్ స్క్వేర్ సంగతి మళ్ళీ వేరు. 2011 చట్టం వల్ల అక్కడ గుడారం వేయకూడదు, అనుమతి లేకుండా మెగాఫోన్ వాడకూడదు. పొద్దున్నే మైకులు తెచ్చుకుని అక్కడికక్కడే దించేయాల్సి వస్తే సభ సగం చచ్చిపోతుంది.

డైపర్ కట్టి, చేతిలో ఫోన్ పట్టుకున్న ఆరు మీటర్ల ట్రంప్ బెలూన్, ఆయన పని మీద బ్రిటన్ వచ్చిన 2018 జులైలో, ఎగిరింది ఆ చౌక్‌లోనే. దానికి మేయర్ కార్యాలయం అనుమతి తీసుకున్నారు, పోలీసులతోనూ విమానయాన అధికారులతోనూ మాట్లాడారు. తాళ్ళతో కట్టి ముప్ఫై మీటర్లకి లోబడి ఎగరేశారు. అది ట్రంప్ దారిలో లేదు. అయినా, ఇలాంటివి ఎగరేస్తుంటే నేను లండన్ ఎందుకు వెళ్ళాలి అన్న అర్థంలో ఆయనే పత్రికకి చెప్పారు. దూరం నుంచి గురి తగిలిన అరుదైన సందర్భం అది. 2019లో రాజ అతిథిగా వచ్చినప్పుడు మళ్ళీ ఎగరేస్తే ఒకామె దాన్ని చీల్చేసింది.

ఇక పార్లమెంటుకి పెట్టే వినతుల మీద సంతకాలు. 10,000 దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, 1,00,000 దాటితే పార్లమెంటులో చర్చకు పరిశీలిస్తారు. 2017లో ట్రంప్ పర్యటన మీద 18 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. రాసిన తీరు బాగుంది: ఆయన్ని దేశంలోకి రావద్దనలేదు, ప్రభుత్వాధినేతగా రావచ్చు, రాణి గారికి ఇబ్బంది కలిగించే రాజ అతిథి గౌరవం మాత్రం వద్దు అని. అడిగింది చిన్నదీ, స్పష్టమైనదీ. ఫిబ్రవరి 20న పార్లమెంటు భవనంలోని వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌లో చర్చ జరిగింది. అక్కడి చర్చ ప్రభుత్వాన్ని కట్టిపడేయదు, ఆహ్వానం అలాగే ఉండిపోయింది. అయినా ఆ రాజ అతిథి పర్యటన 2019 జూన్‌లో గానీ జరగలేదు.

అసలు పిలుపు వెళ్ళేది రాజు పేరు మీద, పిలవమని సలహా ఇచ్చేది ప్రభుత్వం. ఈ ఫిబ్రవరి 27న ఆ ఉత్తరం వైట్‌హౌస్‌లో ట్రంప్ చేతికిచ్చింది ప్రధాని స్టార్మర్. కాబట్టి అట్ట మీద రాజు పేరు రాయడం గురి తప్పడమే, ప్రధాని పేరుండాలి. అక్షరాలు అరచేయంత, మాటలు నాలుగైదుకి మించకూడదు. సెప్టెంబర్ వానకి నీటిరంగు కారిపోతుంది, ఎమల్షన్ రంగైతే ఆగుతుంది.

రాత్రికి విందు. లిబరల్ డెమోక్రాట్ నాయకుడు ఎడ్ డేవీ వెళ్ళడం లేదని ముందే చెప్పారు. రేపు చెకర్స్, ప్రధాని పల్లె బంగళా. ట్రంప్ అక్కడికి వెళ్ళేది హెలికాప్టర్‌లో.