చీర మడతల్లో కరివేపాకు

మా అమ్మాయి పురిటికని డాలస్ బయల్దేరాం. మనిషికి 23 కేజీల పెట్టెలు రెండు చొప్పున మొత్తం నాలుగు. బట్టలన్నీ ఒక దాంట్లో కుక్కేసి మిగతా మూడూ తిండికే ఇచ్చాను. పచ్చళ్లు కొట్టువాళ్లే అమెరికా ప్యాకింగ్ చేసిచ్చారు. కవర్లో కవరు, దానిపైన ఇంకో కవరు, సీలు.

కొత్త బియ్యం రెండు కేజీలు పెడదామంటే అమ్మాయి ఫోన్లోనే వద్దంది. ఖప్రా అనే పురుగు భయంతో మన దేశం నుంచి వచ్చేవాళ్ల సామాన్లలో బియ్యం, శనగలు రానివ్వరట. పక్కింటావిడ వాళ్లబ్బాయికని ఓ డబ్బా ఇచ్చింది. "గోంగూరేనండీ" అంది. ఎందుకో అనుమానమొచ్చి మూత తీస్తే గోంగూర మటన్! ఇక్కడి మాంసం అక్కడికి పచ్చడి రూపంలో కూడా పోకూడదు. తిరిగిచ్చేశాను. ఆవిడ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

మొదటి దెబ్బ శంషాబాద్‌లోనే తగిలింది. బాలింతకి లడ్డూలు చేయాలని నాలుగు కొబ్బరి కురిడీలు పెట్టాను. స్కానింగ్‌లో అవి కనపడ్డాయి, మమ్మల్ని పిలిచి పెట్టె తెరిపించారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ కదా, తనంతట తనే వేడెక్కి అంటుకునే గుణం ఉందని దాన్ని చేతి సంచిలోనూ, కింద వేసే పెట్టెలోనూ కూడా రానివ్వరు. ఆ మాటకొస్తే, ఇరుముడిలో కొబ్బరికాయ చేతిలో పట్టుకెళ్లడానికి అయ్యప్ప భక్తులకే 2024 అక్టోబరులో ప్రత్యేకంగా, అదీ కొన్నాళ్లకే, అనుమతి ఇవ్వాల్సొచ్చింది. నా కురిడీలు ఏపాటి!

అసలు సంగతి కరివేపాకుది. అదీ వద్దనే చెప్పింది అమ్మాయి. కానీ పెరట్లో చెట్టు లేత చిగుళ్లతో నవనవలాడుతుంటే మనసొప్పలేదు. పొద్దున్నే నాలుగు గుప్పెళ్లు దూసి, పేపర్లో చుట్టి, మంగళగిరి చీర మడతల్లో దాచాను.

డాలస్‌లో పాస్‌పోర్టు చూసినాయన తిండి సామాన్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. "పికిల్స్, స్వీట్స్" అన్నాను. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. మా ఆయన నా వైపు ఓ చూపు చూసి ఊరుకున్నారు.

పెట్టెల కోసం నిలబడ్డచోటికి ఆకుపచ్చ జాకెట్టు తొడిగిన బీగిల్ కుక్క వచ్చింది. బుజ్జి ముండ, అరవదు, మీదికి దూకదు. అందరి సంచులూ వాసన చూసుకుంటూ పోయి ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ దగ్గర బుద్ధిగా కూర్చుంది. అంతే. లోపల విమానంలో ఇచ్చిన యాపిల్ కాయ! తర్వాత తిందామని దాచుకుందట పాపం. విమానంలో ఇచ్చిందైనా సరే, చెప్పకుండా బయటికి తేకూడదు.

అది చూసి మా ఆయనకి టెన్షన్ తన్నుకొచ్చింది. నేను ఆపేలోపే ఆఫీసరు దగ్గరికెళ్లి "మా పెట్టెలో కరివేపాకు ఉందండీ" అని ఇంగ్లీషులో చెప్పేశారు. మమ్మల్ని పక్కకి తీసుకెళ్లారు. చేతికి తొడుగులేసుకున్న అమ్మాయి ఒకతె చీర మడత విప్పింది. ఒక్కసారిగా మా పెరడంతా గుప్పుమంది. "కర్రీ లీవ్స్" అని తనే పేరు చెప్పింది! రోజూ చూస్తుందేమో.

కరివేపాకు, నిమ్మ, బత్తాయి ఒకే కుటుంబం చెట్లట. నిమ్మజాతి తోటల్ని ఎండబెట్టే గ్రీనింగ్ తెగులుని ఓ చిన్న పురుగు మోసుకొస్తుంది. అది కరివేపాకు చిగుళ్ల మీదా గుడ్లు పెడుతుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక నారింజ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి, దానికి మందు లేదు. నేను ఏరి ఏరి లేత చిగుళ్లే కోశానాయె!

మీరే వచ్చి చెప్పారు కాబట్టి ఆకు తీసుకుంటాం, జరిమానా లేదంది. దాచి దొరికితే మొదటిసారే 300 డాలర్లు పడొచ్చట. ఆవకాయని, సున్నుండల్ని ఓసారి చూసి పంపించేసింది. చీర మడత పెట్టి ఇచ్చింది కూడా.

దారి పొడుగునా మా ఆయన అమ్మాయికి తన సత్యసంధత గురించి చెబుతూనే ఉన్నారు. మర్నాడు ఇర్వింగ్‌లో మనవాళ్ల కొట్టుకెళ్తే చిన్న కవర్లో కరివేపాకు కనపడింది. పైనుంచే లెక్కపెట్టాను, ఆరు రెమ్మలు. రెండు కవర్లు తీసుకుని డబ్బులు మాత్రం ఆయన చేతే కట్టించాను.