మంచం కంటే ముందు తుప్పు పని

అరకు వెళ్లినా, భీమిలి తీరానికి వెళ్లినా రాత్రి అందులోనే పడుకోవాలన్న కోరికతో, సరుకులు మోసి అలసిన ఒక పాత వ్యాన్‌ను కొని మా చేతులతోనే చిన్న ఇల్లుగా మార్చడానికి నేనూ తమ్ముడూ పూనుకున్నాము. మంచం ఏ వైపు వేయాలి, పొయ్యి ఎక్కడ అమర్చాలి అని నెల రోజులు మాట్లాడుకున్నాము. తీరా పని మొదలయ్యాక మూడు వారాలూ వట్టి రేకు మీదే గడిచాయి. అందుకు నాకు విచారం లేదు.

అడుగున పరచిన రబ్బరు మ్యాట్ తీసి, తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టులకు నూనె పోసి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు ప్లైవుడ్ పైకెత్తాము. చెక్క అడుగుభాగం నల్లగా ఉబ్బి, వేళ్లతో తుంచితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. దాని కింద, వెనుక చక్రం పక్కన, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూస్తే రెండు చోట్ల మొన రేకులోకి దిగిపోయింది.

విశాఖలో ఇది వింత కాదు. సముద్రపు గాలిలోని ఉప్పు రేకు మీద పేరుకుని, తేమతో కలిసి తుప్పును వేగవంతం చేస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక పైనున్న రంగును లోపలి నుంచే పగలగొడుతుంది, ఆ పగుళ్లలోకి మళ్లీ నీరు చేరుతుంది. గాజువాక ఆటోనగర్‌లో మాకు దొరికిన టింకరింగ్ మేస్త్రీ, “పైన రంగేసేస్తే ఆర్నెల్లు కనబడదు బాబూ, తర్వాత చెయ్యెడితే ఊడొచ్చేస్తాది” అని చెప్పి, బ్యాటరీ వైర్లు విప్పించి, పాడైన ముక్కలు కోసి కొత్త రేకు అతికాడు.

అయితే నీరు ఎటు నుంచి వస్తున్నదో తెలియకుండా రంగు వేయడం వృథా. అందుకని అడుగంతా పాత దినపత్రికలు పరచి, నేను టార్చితో లోపల కూర్చుంటే తమ్ముడు బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వాన అడ్డంగా కొట్టడం చూసినవాళ్లం కనుక, పైకప్పు మీదే కాక తలుపుల సందుల్లోకి కూడా పక్క నుంచి కొట్టించాను. తలుపుల రబ్బర్లు గట్టిగానే ఉన్నాయి. పైన ఎప్పుడో విప్పేసిన క్యారియర్ బోల్టు రంధ్రాల దగ్గర మాత్రం ఒక్కొక్క చుక్కా కూడి, గోడ వెంట జారి, సరిగ్గా ఆ పుచ్చిన చోటికే చేరుతున్నది.

ఆ తర్వాతి పని ఓపికతో కూడినది. ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వైర్ బ్రష్‌తోనూ ఎమరీ పేపర్‌తోనూ మెరిసే ఇనుము కనిపించే వరకు రుద్ది, థిన్నర్‌తో జిడ్డు తుడిచి, పొడి ఎండ కాసిన రోజు చూసి ఎపాక్సీ ప్రైమర్ వేశాము. అతుకుల్లో సీలెంట్ నింపేటప్పుడు తలుపుల కింద నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలను మూయకుండా జాగ్రత్తపడ్డాము. అవి మూసుకుపోతే తలుపు లోపలే నీరు నిలుస్తుంది. గ్రైండర్ రాల్చిన ఇనుప రజను ఎక్కడ మిగిలినా అక్కడే కొత్త తుప్పు పుడుతుంది కాబట్టి, మూలమూలకూ అయస్కాంతం తిప్పి ఏరాము.

మరో మాట: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు హద్దులు పెట్టింది కనుక, పైకప్పు కోయడం వంటి పనులకు ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అందుకే మేమింకా కిటికీలు కోయలేదు.

నిన్న సాయంత్రం మళ్లీ పత్రికలు పరచి అరగంట నీళ్లు కొట్టాము. ఒక్క కాగితం కూడా తడవలేదు. వాటినే తీసి, అట్టలతో కలిపి అతికించి, కొత్త ప్లైవుడ్ కోయడానికి అడుగు కొలత గీసుకున్నాము.