చికున్‌గున్యా జ్వరం తగ్గింది గానీ వేళ్ళు మాట వినలా

చికున్‌గున్యా వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు, జ్వరం వారం లోపే పోద్ది, ఆ తర్వాత కీళ్ళు పెట్టే బాధే అసలు జబ్బు. నాకు వచ్చి తగ్గిన విషయం రాద్దామని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా, మా వీధిలో మళ్ళీ ఇద్దరికి వచ్చిందని తెలిశాక ఇంక ఆగలేకపోయా. ఇందులో మా పెరట్లో ఉన్న ట్రాంపొలిన్ (పిల్లలు ఎక్కి గెంతే స్ప్రింగుల గుండ్రటి మ్యాట్) గురించి కూడా చాలా ఉంటది, ఎందుకో చదివితే మీకే తెలుస్తది.

మాది గుంటూరు, గోరంట్ల వైపు. నేను స్కూల్లో లెక్కల టీచర్ని. వానలు వెనకబట్టి ఎండ కాస్తున్న రోజులు, క్లాసులో ఉండగానే చలి మొదలైంది, ఇంటికొచ్చి చూస్తే 103 ఉంది. తెల్లారేసరికి మణికట్లు, వేళ్ళు, చీలమండలు వాచిపోయి మంచం దిగి బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని పోవాల్సి వచ్చింది. పేస్టు మూత తిప్పలేను, జడ వేసుకోలేను, అన్నం ముద్ద కలపలేను. మా అత్తయ్యే తినిపించింది. ఆవిడకి 2006లో వచ్చింది ఈ జబ్బు, ఆ రోజుల్లో మన రాష్ట్రంలో ఊళ్ళకి ఊళ్ళే మంచాన పడ్డాయి కదా, అందుకని నన్ను చూడగానే "అమ్మాయ్, ఇది ఆ జొరమే, నడుం కూడా పట్టేసిందా" అని అడిగింది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ సాధారణంగా రాదని డాక్టర్ గారు చెప్పాక ఆవిడ ఇంకెవర్నీ నా గదిలోకి రానీయకుండా అన్నీ తనే చూసుకుంది. ఆ రుణం తీరేది కాదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మొదట్లో డెంగ్యూనా చికున్‌గున్యానా పైకి చూసి చెప్పలేరు, రెండూ ఒకే దోమ వల్ల వస్తాయి, అందుకని డెంగ్యూ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప నొప్పి బిళ్ళలు వేసుకోవద్దన్నారు, డెంగ్యూ అయితే వాటితో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటదంట. నాకు డెంగ్యూ నెగెటివ్, ప్లేట్‌లెట్లు బానే ఉన్నాయి. చికున్‌గున్యా ఐజీఎం అనే రక్తపరీక్ష మొదటి రోజుల్లో చేస్తే నెగెటివ్ రావచ్చని కొంచెం ఆగి చేయించారు, అప్పుడు పాజిటివ్ వచ్చింది. వైరస్‌ని చంపే మందంటూ లేదు, నీళ్ళు బాగా తాగి రెస్టు తీసుకోవడమే. పక్కింటి పిన్నిగారు ఎవరో స్టెరాయిడ్ సూది వేస్తే మర్నాడే లేచి తిరుగుతారని చెప్పింది, డాక్టర్ గారిని అడిగితే అసలొద్దన్నారు, మానేశాం.

నేను మంచంలో ఉండగానే వార్డు సచివాలయం నుంచి ఏఎన్ఎం గారు, ఆశా కార్యకర్త వచ్చి ఇల్లంతా చూశారు. ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింద పళ్ళేలు, కూలర్, అన్నీ చూసి పెరట్లోకి వెళ్ళి ట్రాంపొలిన్ దగ్గర ఆగిపోయారంట. దాని మీద టార్పాలిన్ కవర్ మధ్యలో కిందకి జారి వాన నీళ్ళు నిలిచిపోయి ఉన్నాయి, అందులో లార్వా కదులుతున్నాయి. ఈ దోమకి మురుగు కాదు, ఇలా నిలిచిన మంచినీళ్ళే కావాలి, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు, పైగా పగలే కుడుతది. మా ఆయన నీళ్ళు ఒంపేస్తే ఏఎన్ఎం గారు ఒంపితే సరిపోదండీ, గుడ్లు అంచుకి అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, బ్రష్షుతో రుద్దండి అన్నారంట. శుక్రవారం శుక్రవారం డ్రై డే, అంటే నిలిచిన నీళ్ళన్నీ ఒంపి ఆరబెట్టే రోజు అని వాళ్ళు ఊరికే చెప్పట్లేదు, ఆ వారం లెక్క దీనికోసమే. నన్ను కుట్టింది ఆ దోమేనా అంటే ఎవరు చెప్పగలరు, మా వీధిలోనూ స్కూల్లోనూ చాలామందికి ఉన్నాయి జ్వరాలు. కానీ ట్రాంపొలిన్ ఉన్న ప్రతి ఇంటివాళ్ళకీ ఇది తెలియాలి. గెంతే మ్యాట్ మీద నీళ్ళు నిలవవు, అది నేసిన పాలీప్రొపిలీన్, నీళ్ళు కిందకి కారిపోతాయి. కవరే తంటా. కవర్ కావాలనుకుంటే మధ్యలో నీళ్ళు పోయే రంధ్రాలున్నది కొనండి. ఫ్రేమ్ గొట్టాల చివర ప్లాస్టిక్ మూతలు ఊడిపోయాయేమో కూడా చూడండి, అక్కడా నిలుస్తాయి.

తర్వాత నెలలన్నీ పొద్దున లేవగానే వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి, గంట సేపు గోరువెచ్చని నీళ్ళలో పెడితే గానీ పిడికిలి పడేది కాదు. ఫిజియోథెరపిస్ట్ మెత్తని బంతి నొక్కమంది, మణికట్టు పైకీ కిందకీ వంచమంది, చేతులకి పని ఆపొద్దు గానీ నొప్పి పెరిగేదాకా చేయొద్దు అంది. బోర్డు మీద రాయడం ఇంకా రాలేదు, ఇంట్లో కూర్చుంటే ఏడుపొచ్చేది. సంక్రాంతి సెలవుల్లో మా ఆయన ఈ ట్రాంపొలిన్ తుప్పు పట్టింది, తీసి ఇచ్చేద్దాం అంటే నేనే వద్దు, నేను బాగుచేస్తా అన్నా.

ముందు మ్యాట్ కడిగా, సబ్బు నీళ్ళు, మెత్తని బ్రష్షు. ప్రెషర్ వాషర్ పెడితే కుట్లు పోతాయి. గోరువెచ్చని నీళ్ళలో చేతులాడిస్తూ కడగడం నాకు వ్యాయామమే అయింది. తర్వాత స్ప్రింగులు, మొత్తం 72. సాగిపోయినవి, లాగి వదిలాక కూడా చుట్లమధ్య సందు కనిపించేవి పక్కన పెట్టా. స్ప్రింగు తీయడానికి టీ ఆకారంలో కొక్కెం ఉంటది, దాంతో లాగడం నాకు చేతకాలేదు, మా ఆయన లాగి తీస్తే నేను ఫ్రేమ్‌కి ఉప్పుకాయితం కొట్టి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు వేశా. వరసగా పక్కపక్కవి తీయకూడదు, ఒకటి తీస్తే దానికి ఎదురుగా ఉన్నది తీయాలి, లేకపోతే మ్యాట్ ఒక పక్కకి లాగేసుద్ది. స్ప్రింగుల మీద ఉండే మెత్త మన ఎండలకి పొట్టులా రాలిపోతా ఉంది, మే నెలలో 45 దాకా పోయే ఊరు మనది, అది మార్చాల్సిందే, పిల్లల కాలు స్ప్రింగుల్లోకి పోతే ఎముక విరుగుతది. పిల్లలు బయట పడకుండా చుట్టూ ఉండే వల కుట్లు చూసి ఊడిన చోట నైలాన్ దారం వేశా, ఆ సూది పట్టుకోగలగడం నాకెంత సంతోషమో.

ఒక రోజు సాయంత్రం కొక్కెం నేనే పట్టుకుని ఒక స్ప్రింగు లాగి ఎక్కించా. మా అత్తయ్య వంటింట్లోంచి చూసి పరిగెత్తుకొచ్చింది, "చెయ్యి నొప్పొచ్చుద్ది అమ్మాయ్, వదిలెయ్" అని. నొప్పి రాలేదు. ఆ వారమే స్కూలుకి వెళ్ళా.

ఇప్పుడు పిల్లలు ఎక్కుతున్నారు, ఒక్కసారికి ఒక్కరే, ఆరేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కనీయం. ఎక్కువ దెబ్బలు ఇద్దరు ముగ్గురు కలిసి గెంతినప్పుడే తగులుతాయి. నేను ఎక్కలేదు, చీలమండ వాపు పూర్తిగా పోయేదాకా గెంతులు వద్దన్నారు. కుడి మణికట్టు చలి రోజుల్లో ఇంకా పట్టేస్తా ఉంది. మూడు నెలలు దాటినా వాపులు ఉంటే ఊరుకోవద్దని, రుమటాలజిస్ట్ (కీళ్ళవాతాల డాక్టర్) దగ్గరకి వెళ్ళమని మా డాక్టర్ గారు చెప్పారు, వెళ్ళా, కీళ్ళవాతం కాదని రక్తపరీక్షలు చేసి చెప్పారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే లాగుతుంటే అదంతే తగ్గుద్దిలే అని ఉంచకుండా తీసుకెళ్ళండి, శుక్రవారం వచ్చినప్పుడు పెరట్లో కవర్ ఎత్తి చూడండి.